పసివారి చదువు – ఒక సెంటు నేల
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ప్రసంగ పాఠము)



ఈ గ్రంథాలయము ఇరువదియైదు వత్సరములు పూర్తి చేసికొన్నది. ఇట్టి సమయమున పుస్తకముల మహిమను కొనియాడుట సంప్రదాయము. ఆ పనికి తగిన వక్తలు ఈ సభలో పలువురు కలరు. ఈ ప్రసంగము పుస్తకము తెరువకముందు పసివాని చేతికి అందవలసిన వస్తువులను గూర్చినది. అవి విత్తు, మన్ను, నీరు, ఆకు, పురుగు, పిట్ట. ఐదేండ్లు మొదలు పదేండ్ల వరకు గల పిల్లలకు ఇవి పాఠశాలలో ఏల పాఠములు కావలయునో, ఎట్లు కాగలవో విచారించుటయే దీని ఉద్దేశము. చివర గ్రామస్థులకు ఒక చిన్న మనవి కలదు.

రెవెన్యూ లెక్కలలో అడంగలు అనునది యొకటి కలదని రైతులందరకును తెలియును. ఏ సర్వే నంబరులో ఏ పైరు వేసినారో, ఎంత విస్తీర్ణములో వేసినారో, నీటి వసతి ఏదో అందులో వ్రాయుదురు. 1984లో కరణముల పదవులు రద్దగునంతవరకు ఆ లెక్క వ్రాయుట కరణముల పని. తరువాత అది ఇతర ఉద్యోగుల చేతికి పోయినది. ఎవరు వ్రాసినను నియమ మొక్కటే. పొలమునకు పోయి, గట్టుమీద నిలిచి, పైరును కంటితో చూచి వ్రాయవలయును. దానినే అజమాయిషీ అనెడివారు. అరుగుమీద కూర్చుండి నిరుటి లెక్కను చూచి ఈ యేటి లెక్క వ్రాసినచో, అక్షరములు ముత్యములవలె నుండవచ్చును, కూడికలు సరిపోవచ్చును. కాని మెట్టచేనిలో వరి పండినట్లును, ఎండిన చెఱువు క్రింద రెండు పంటలు పండినట్లును లెక్క తేలును.

పసిపిల్లల చదువునందును ఈ రెండు విధములు కలవు. మొక్కకు వేరు, కాండము, ఆకు, పువ్వు, కాయ ఉండునని పదిసార్లు వల్లించి పరీక్షలో వ్రాసిన బాలుడు అరుగుమీది లెక్క వ్రాసినవాడు. ఒక పెసరగింజను తడిగుడ్డలో కట్టి, మరునాడు విప్పి, మొదట వెలుపలికి వచ్చునది వేరా, ఆకా అని పరికించినవాడు పొలము చూచి లెక్క వ్రాసినవాడు. ఇద్దరకును మార్కులు సమానముగా రావచ్చును. కాని మొదటివాడు ఆ సంగతిని ఒకరు చెప్పగా నమ్మినాడు. రెండవవాడు దానికి స్వయముగా సాక్షి యైనాడు. ఈ భేదము చిన్నది కాదు. స్వయముగా చూచి నిర్ణయించు అలవాటు పదేండ్లలోపల పట్టుబడనివాడు పెద్దవాడైన తరువాత విత్తనముల బేరగాడు చెప్పినది నమ్మును, పురుగుమందుల అంగడివాడు చెప్పినది నమ్మును, ఎన్నికలలో బిగ్గరగా అరచినవాడు చెప్పినది నమ్మును.

ఇది పరదేశమునుండి వచ్చిన క్రొత్త మాటయని కొందరు తలపవచ్చును. ఛాందోగ్యోపనిషత్తు ఆఱవ అధ్యాయమున శ్వేతకేతువు కథ కలదు. అతడు పండ్రెండవ యేట గురుకులమునకు పోయి, పండ్రెండేండ్లు చదివి, ఇరువదినాలుగేండ్లవాడై, అన్నియు చదివితినను గర్వముతో ఇల్లు చేరెను. తండ్రియైన ఉద్దాలకుడు అతనికి మరియొక గ్రంథము నీయలేదు. ఒక మఱ్ఱిపండు తెమ్మనెను. దానిని పగులగొట్టి లోపల నేమున్నదో చూడుమనెను. కానవచ్చిన సన్నని గింజలలో ఒకదానిని మరల పగులగొట్టుమనెను. అందు ఏమియు కానరాదని కుమారుడు చెప్పగా, కానరాని ఆ సూక్ష్మమునుండియే ఇంత మఱ్ఱిమాను నిలిచియున్నదని బోధించెను. మరియొకప్పుడు రాత్రి నీటిలో ఉప్పు వేయించి, ఉదయమున ఆ నీటిని పైభాగమునను, నడుమను, అడుగునను రుచి చూడుమనెను. అదే ఉపనిషత్తు నాలుగవ అధ్యాయమున సత్యకామ జాబాలుని కథ కలదు. గురువు అతనికి బక్కచిక్కిన నాలుగువందల ఆవుల నొప్పగించెను. అవి వేయి యగునంతవరకు తిరిగిరానని అతడు వెడలిపోయెను. ఆ కాలమున అతనికి వృషభమును, అగ్నియు, హంసయు, మద్గువను నీటిపక్షియు బోధ చేసినవి. భాగవతము ఏకాదశ స్కంధమున అవధూత తన యిరువదినలుగురు గురువులను పేర్కొనుచు నేలను, నీటిని, తేనెటీగను, సాలెపురుగును సయితము అందు చేర్చెను.

ఆ బోధల గమ్యము బ్రహ్మజ్ఞానము. ఐదేండ్ల బిడ్డకు కావలసినది అది కాదు. అయినను మార్గమును గమనింపవలయును. పండ్రెండేండ్ల వల్లెవేతకు లొంగని సంగతి ఒక మఱ్ఱిపండుతో తెలిసినది. ఆ పండు శ్వేతకేతువు చేతిలో నుండెను. దానిని పగులగొట్టినవాడును అతడే. తండ్రి ప్రశ్న మాత్రమే వేసెను.

ఇక పడమటి దేశముల మాట. నేడు పట్టణములలోనే కాక పల్లెలలోను ఎల్.కే.జీ., యూ.కే.జీ. అను మాటలు వినబడుచున్నవి. కే.జీ. అనగా కిండర్‌గార్టెన్. అది జర్మను భాషా పదము. దానికి పిల్లల తోట యని అర్థము. ఆ పేరు పెట్టినవాడు ఫ్రెడరిక్ ఫ్రోబెల్. అతడు 1782లో జర్మనీ దేశమున తురింగియా ప్రాంతములో జన్మించెను. ఏడాది నిండకముందే తల్లిని గోల్పోయెను. పదునైదవ యేట ఒక అటవీ ఉద్యోగి వద్ద పని నేర్చుకొనుటకు కుదిరి, రెండేండ్లు చెట్లనడుమ గడపెను. 1837లో బ్లాంకెన్‌బర్గు అను ఊరిలో పసిపిల్లల కొరకు ఒక శాల ప్రారంభించి, 1840లో దానికి పిల్లల తోటయని పేరిడెను.

ఆ పేరు అలంకారమునకు పెట్టినది కాదు. ఫ్రోబెల్ ఏర్పరచిన క్రమములో నిజముగనే తోట యుండెను. ప్రతి బిడ్డకును తనదైన చిన్న మడి. ఆ మడిలో ఏమి విత్తవలయునో, ఎట్లు పెంచవలయునో బిడ్డయే చూచుకొనవలయును. ఆ మడుల చుట్టును అందరకును ఉమ్మడియైన మడులు. వానిలో ధాన్యములు, కూరగాయలు, పూలమొక్కలు. తన మడిలో స్వేచ్ఛ, ఉమ్మడి మడిలో బాధ్యత. ఈ రెండును ఒకే చోట నేర్పవలెనని అతని తలంపు. ప్రష్యా ప్రభుత్వము 1851లో ఈ బాలశాలలను నిషేధించెను. మరుసటి సంవత్సరమే ఫ్రోబెల్ కాలధర్మము చెందెను. 1860లో నిషేధము తొలగినది. అతని పద్ధతి ప్రపంచమంతట వ్యాపించినది. కాని దేశదేశములు తిరిగి కే.జీ. యను రెండక్షరములుగా ఇక్కడకు చేరునప్పటికి పేరు మిగిలినది, తోట పోయినది. మూడేండ్ల బిడ్డ బల్లమీద కదలక కూర్చుండి అక్షరములు దిద్దు గదికి పిల్లల తోటయని పేరుండుట విచారకరము.

ఇటలీ దేశపు వైద్యురాలు మారియా మాంటిస్సోరి 1909లో ప్రకటించిన తన తొలి విద్యాగ్రంథమున, పసిపిల్లలు మొక్కలను, జంతువులను పెంచుటను గూర్చి ప్రత్యేకముగా ఒక ప్రకరణము వ్రాసినది. విత్తిన గింజ మొలచునంతవరకు వేచియుండుటలో బిడ్డకు ఓర్పు అలవడునని ఆమె గ్రహించినది. ఆమె 1939లో మద్రాసు అడయారునకు వచ్చి, యుద్ధకాలమంతయు ఈ దేశముననే యుండి, 1946 వరకు ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చినది. రవీంద్రనాథ ఠాకూరు 1901 డిసెంబరులో ఐదుగురు విద్యార్థులతో ప్రారంభించిన శాంతినికేతన పాఠశాలలో చెట్లనీడలే తరగతిగదులు. 1928లో అచ్చట వృక్షారోపణోత్సవము మొదలైనది. 1975 అక్టోబరు 2న ప్రారంభమైన శిశు అభివృద్ధి పథకము క్రింద ఊరూర నెలకొన్న కేంద్రములకు అంగన్‌వాడీ యని పేరు పెట్టిరి. అంగణమనగా ముంగిలి. అచ్చట తోట, ఇచ్చట ముంగిలి; రెండు పేర్లును బిడ్డకు ఆరుబయటి నేలనే వాగ్దానము చేయుచున్నవి.

ప్రభుత్వములు ఈ సంగతిని గుర్తింపలేదని చెప్పుట న్యాయము కాదు. 1991లో సుప్రీంకోర్టు పర్యావరణమును విద్యాలయములలో తప్పనిసరి పాఠ్యవిషయము చేయవలెనని ఆదేశించెను. 2005లో వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళిక చట్రము బడిలోని చదువును బడివెలుపలి బ్రతుకుతో ముడిపెట్టుమని చెప్పినది. 2019లో పాఠశాలలలో పెరటితోటలు పెంచుటకు కేంద్రప్రభుత్వము మార్గదర్శకములు పంపినది. 2020 నాటి జాతీయ విద్యావిధానము చేసి నేర్చుకొనుటను నొక్కి చెప్పినది. పరిసరాల విజ్ఞానమను పుస్తకములును పిల్లల చేతికి వచ్చినవి. కాని ఆ పుస్తకమును గదిలో కూర్చుండి కంఠస్థము చేసినచో పరిసరము మరియొక వల్లెవేత యగును. ఉత్తర్వు ఢిల్లీనుండి రాగలదు. తడిమన్ను మాత్రము ఊరివారే ఈయవలయును.

ఆ నేలమీద ఏమి నేర్పవలయును? సంవత్సరము పొడవునను పాఠములు కలవు. బడులు జూన్ మాసమున తెరచునప్పటికి మృగశిర కార్తె వచ్చియుండును. ఆరుద్రకార్తె వానలకు ఎఱ్ఱని ముఖమలువంటి ఆరుద్ర పురుగులు నేలమీదకు వచ్చును. పిల్లలు వానిని చూచి సంతోషింతురు. అప్పుడు ఉపాధ్యాయుడు దాని కాళ్లెన్నియో లెక్కింపుడని ఒక్క మాట అన్నచో చాలును. ఎనిమిది. చీమకెన్ని? ఆఱు. సాలెపురుగునకెన్ని? ఎనిమిది. అట్లయినచో ఆరుద్ర పురుగు చీమకు దగ్గర చుట్టమా, సాలెపురుగునకా? ఏడేండ్ల బిడ్డ ఈ ప్రశ్నకు తానే సమాధానము చెప్పగలదు. శాస్త్రజ్ఞులు జీవులను వర్గములుగా విభజించుట ఇట్టి పరిశీలనముతోనే మొదలైనది.

అటుపిమ్మట విత్తనములు. పెసలు, మినుములు, అలసందలు ఒక వరుసలోను, కందులు, శనగలు మరియొక వరుసలోను నాటింపవలయును. వారము తిరుగక ముందే ఒక వింత కానవచ్చును. పెసర మొలక తన రెండు పప్పు బద్దలను తలపై మోసికొని నేలకు పైకి వచ్చును. శనగ తన బద్దలను నేలలోనే విడిచి మొలకను మాత్రము పైకి పంపును. ఏటేట విత్తు రైతులలోను దీనిని నిలిచి గమనించినవారు కొందరే యుందురు. వేరుసెనగ మరియు విచిత్రము. పూవు నేలపైన పూయును. దాని ఊడ నేలలోనికి దిగి కాయ అచ్చట ఊరును. కాయ వేరునకు కాచునని వాదించు పిల్లవానికి ఒక మొక్కను పూవుదశనుండి చూపినచో వాదముతో పనిలేదు.

శ్రావణ భాద్రపదములలో నీటిగుంటలలో తోకకప్పలు కనబడును. గాజుసీసాలో ఆ గుంటనీటినే పోసి నాలుగింటిని ఉంచి, దినదినము నీరు మార్చుచు చూడవలయును. ముందు వెనుకకాళ్లు వచ్చును, పిదప ముందుకాళ్లు వచ్చును, తోక క్రమముగా కుదించుకొనిపోవును. కప్పలైన వెంటనే వానిని గుంటకడ విడుచుట పాఠములో తప్పనిసరి భాగము. కరివేపచెట్టుపై పక్షిరెట్టవలె కనబడు చిన్న గొంగళి పెరిగిన తరువాత ఆకుపచ్చరంగు దాల్చును. గూడై వ్రేలాడి, వారము పది దినములలో పసుపు నలుపు రెక్కల సీతాకోకచిలుకయై ఎగిరిపోవును. శత్రువునుండి తప్పించుకొనుటకు రెట్టవలె కనబడుట ఎంత ఉపాయమో బిడ్డకు ఎవరును చెప్పనక్కరలేదు. బావిమీదికి వంగిన కొమ్మలకు గూడు అల్లు గిజిగాడు మగపిట్ట. అల్లిక నడుమ నుండగా ఆడుపిట్ట వచ్చి పరీక్షించి, నచ్చిననే కాపురమునకు దిగును. చలికాలమున ఎండలో ఒక కఱ్ఱ పాతి, వారమున కొకసారి మధ్యాహ్నపు నీడ కొలిచినచో, డిసెంబరు 21, 22 తేదీల ప్రాంతమున అది మిక్కిలి పొడవై, సంక్రాంతినాటికి కొంత తగ్గుట పిల్లలే కనిపెట్టుదురు.

ఇదంతయు చూచుటతో ముగియరాదు, వ్రాయుటతో ముగియవలయును. ప్రతి బిడ్డకు ఒక చిన్న అడంగలు ఉండవలయును. తేది, విత్తనము పేరు, నాటిన గింజలు, మొలచినవి, ఎత్తు, పట్టిన తెగులు అని ఆఱు గళ్లు చాలును. అక్షరములు రాని పసివారు బొమ్మ గీయుదురు. నాటినవి 20, మొలచినవి 17 అని వ్రాసిన బాలునికి నూటికి 85 అను లెక్క మరల నేర్పనక్కరలేదు. మొలవని మూడింటిని దాచక వ్రాయుట అతడు నేర్చిన సత్యవ్రతము.

ఇక ఆక్షేపణలు. వానిని తేలికగా త్రోసిపుచ్చుట తగదు.

మొదటిది తల్లిదండ్రులది: మట్టిపని నేర్చుటకు బడి యెందుకు, ఆ పని ఇంటనే యున్నది గదా అని. ముఖ్యముగా కూలి చేసికొని బ్రతుకు కుటుంబములవారు ఈ మాట అన్నప్పుడు తలవంచి వినవలయును. బిడ్డ తమవలె ఎండలో మ్రగ్గరాదనియే వారు బడికి పంపిరి. 1937లో వార్ధాలో గాంధీమహాత్ముడు చేతిపనిద్వారా విద్య నేర్పవలెననియు, ఆ పనిచే వచ్చిన రాబడి బడి ఖర్చులకు ఉపకరింపవలెననియు ప్రతిపాదించినప్పుడు, అట్లయినచో బడి కార్ఖానా యగునను శంక ఆనాడే పొడమినది. ఆ శంక నేటికిని విలువగలదే. కావున తోటపనికిని కూలిపనికిని నడుమ గట్టు స్పష్టముగా వేయవలయును. కూలిపనిలో ఫలము యజమానిది, ఆజ్ఞ మరియొకరిది. బడితోటలో ప్రశ్న బిడ్డది, ఫలము తెలివి. అచ్చట కాచిన కాయలు ఉపాధ్యాయుని ఇంటికి పోరాదు. పిల్లల భోజనములో కలియవలయును. నీరు మోయుట, ఊడ్చుట, ఎరువు వేయుట హాజరుపట్టీ వరుసలో అందరకును సమానముగా రావలయును. ఒక కులము బిడ్డలు ఊడ్చుచు మరియొక కులము బిడ్డలు వ్రాయుచున్నచో, ఆడపిల్లలు నీరు తెచ్చుచు మగపిల్లలు కొలుచుచున్నచో, ఆ తోటను ఆ దినమే మూసివేయుట మేలు.

రెండవది ఉపాధ్యాయులది: ఒక్కరే ఐదు తరగతులను చూచుచుండగా ఈ భారము కూడనా అని. వారమునకు ఒక గంట చాలును. ఐదవ తరగతివారు ఒకటవ తరగతివారిని చేయిపట్టి నడిపింతురు. విత్తనము బూడిదలో కలిపి దాచు ముసలమ్మలు, మబ్బు చూచి వాన చెప్పు కాపులు, పాముజాడ గుర్తించు యానాదులు వచ్చి అప్పుడప్పుడు పాఠము చెప్పవచ్చును. ఉపాధ్యాయునికి అన్నియు తెలియనక్కరలేదు. తెలియదు, కలిసి చూతము అని చెప్పగల గురువు పిల్లలకు శాస్త్రములోని మొదటి మర్యాదను నేర్పినవాడగును.

మూడవది భయము. అది సహేతుకము. గన్నేరు, ఉమ్మెత్త నోట పెట్టరానివి. జిల్లేడుపాలు కంటికి చేటు. వీనిని మొదటి వారముననే చూపి, పేరు చెప్పి హెచ్చరింపవలయును. మందు చల్లిన పొలమునకు పిల్లలను తీసికొనిపోరాదు. రాళ్లను, చెత్తకుప్పలను పెద్దవారు ముందుగా కదలించి చూడవలయును. పని ముగిసిన పిదప సబ్బుతో చేతులు కడుగుట పాఠమునకు చివరి వాక్యము.

ఇప్పుడు మనవి. గ్రంథాలయమునకును పాఠశాలకును నడుమ పది సెంట్ల ఖాళీస్థలము కలదు. అందు అంగడిగదులు కట్టించి అద్దెకిచ్చినచో గ్రంథాలయమునకు స్థిరమైన రాబడి యుండునని సంఘములో ఒక అభిప్రాయము కలదు. అది దురాశ కాదు. పత్రికల చందాలకు, దీపములకు సొమ్ము కావలయును. అయినను లెక్క వేసి చూడవలయును. ముప్పదిమంది పిల్లలకు తలకొక చదరపుగజము చొప్పున 30 గజములు. నడక దారులకును, నీటితొట్టికిని 18 గజములు. మొత్తము 48 గజములు. సెంటు అనగా కొంచెము హెచ్చుతగ్గుగా అంతియే. పదింటిలో ఒక్క సెంటు. తక్కిన తొమ్మిదింటిలో గదులు కట్టించుకొనవచ్చును. గదులు కట్టిన తరువాత ఆ సెంటు కావలెనన్నను దొరకదు; కావున గోడలకు పునాది త్రవ్వకముందే దానికి కంచె వేయించుట వివేకము.

గ్రంథాలయము చేయవలసిన పని మరియొకటి కలదు. ఒక భూతద్దము, కొలబద్ద, సలీం అలీ 1941లో ప్రకటించిన భారతీయ పక్షుల గ్రంథము వంటి పుస్తకములు నాలుగు, వీనిని ఒక అరలో పిల్లల చేతికందు ఎత్తున ఉంచవలయును. ఆ అరలోనే పిల్లలు వ్రాసిన అడంగళ్లను ఏటేట కట్టగట్టి భద్రపరుపవలయును. ఆరుద్ర పురుగు ఏ తేదిన కనబడినదో, మామిడి ఎప్పుడు పూసినదో, కోకిల ఏనాడు తొలిసారి కూసినదో, చెఱువు ఎప్పుడు నిండినదో అందు ఉండును. వానలు కాలము తప్పుచు, ఎండలు ముదురుచున్న ఈ రోజులలో, ఒక్క ఊరిని గూర్చి ఇరువదియైదేండ్లు ఎడతెగక వ్రాసిన అట్టి లెక్క రైతునకును, శాస్త్రజ్ఞునకును విలువైనది. ఈ గ్రంథాలయమునకు స్వర్ణోత్సవము జరుగునాటికి నేటి ఐదేండ్ల బిడ్డలు ముప్పదేండ్లవారగుదురు. వారు తమ బిడ్డలకు తీసి చూపదగిన పుస్తకము ఒకటి ఆ అరలో ఉండవలయును. ఎంత సొమ్ము పెట్టినను దానిని ఏ అంగడిలోను కొనలేరు. పిల్లలే వ్రాయవలయును, పెద్దలు నేల నీయవలయును.

స్వస్తి.